తెరపై సున్నా, హాల్లో కళ్ళమంట: విశాఖ రొయ్యల ప్లాంట్‌లో అమ్మోనియా లీక్‌పై ఒక కేస్ స్టడీ

ఇది విశాఖపట్నం పరిసరాల్లోని ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్ కేసు. పరిశ్రమల భద్రతా సలహాదారులుగా మా బృందం అక్కడ పనిచేసింది. ప్లాంట్ ఏదో, మనుషులెవరో తెలియకూడదని కొన్ని వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. గ్యాస్ ఎటు కదిలింది, సెన్సార్లు ఏం చూపించాయి, ఎవరు ఏం చూసి ఏ నిర్ణయం తీసుకున్నారు అన్నవి మాత్రం జరిగినట్టే రాస్తున్నాను. లీక్ అయిన రాత్రి ఆ ప్లాంట్‌లో సెన్సార్లకు కొరత లేదు, ఏదీ పాడైపోలేదు కూడా. అందుకే ఈ కేసు రాయాలనిపించింది.

నేపథ్యం

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురాన్ని ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) ఆవిరి కమ్మేసిన సంగతి విశాఖలో ఎవరూ మర్చిపోలేదు. ఆ ప్రమాదంపై ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ నివేదిక చదివినవాళ్ళకు రెండు విషయాలు గుర్తుండే ఉంటాయి. ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగుభాగంలోనే కొలిచారు, అందువల్ల పైపొరల్లో పెరుగుతున్న వేడి ఆ అంకెలో కనబడలేదు. సైరన్ నొక్కడానికి 36 చోట్ల ఏర్పాటు ఉన్నా అది మోగలేదు. మొదటిది, ఎక్కడ కొలుస్తున్నాం అన్న సమస్య. రెండోది, అంకెకూ చర్యకూ మధ్య ఉన్న ఖాళీ. మా కేసులో ఈ రెండూ ఉన్నాయి.

ప్లాంట్ మామూలుదే. సరుకు దిగే చోటు, రొయ్యల పొట్టు తీసే పీలింగ్ హాల్, ప్లేట్ ఫ్రీజర్లు, కోల్డ్ స్టోరేజీ, వెనకవైపు కంప్రెసర్ రూమ్. చల్లదనం అంతా అమ్మోనియాతోనే. సిస్టమ్‌లో ఉండేది కొన్ని టన్నులే కాబట్టి భారీ ప్రమాద పరిశ్రమలకు ఉండే గట్టి నిబంధనలు దీనికి వర్తించవు. కానీ పక్కనే మనుషులున్నప్పుడు కొన్ని టన్నులు తక్కువేమీ కాదు. పీలింగ్ హాల్లో రాత్రి షిఫ్టులో ఎక్కువమంది ఆడవాళ్ళే. శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెల నుంచి కొందరు, ఒడిశా నుంచి కొందరు వచ్చినవాళ్ళు. వాళ్ళ హాస్టల్ కాంపౌండ్ లోపలే ఉంది. గోడ దాటితే చిన్న ఊరు.

యాజమాన్యం సెన్సార్ల మీద బాగానే ఖర్చుపెట్టింది. కంప్రెసర్ రూమ్‌లో, కారిడార్‌లో, ఫ్రీజర్ల దగ్గర గ్యాస్ డిటెక్టర్లు, షిఫ్ట్ రూమ్‌లో పెద్ద తెర, మేనేజర్ల ఫోన్లకు ఎస్సెమ్మెస్. తెర మూలన ఇంటర్నెట్ నుంచి వచ్చే వాతావరణ సమాచారం కూడా.

ఆ రాత్రి ఏం జరిగింది

చలికాలం. రాత్రి రెండు దాటింది. ఒక ఆపరేటర్ అమ్మోనియా ఉండే వెసెల్ (ట్యాంకు) అడుగు నుంచి ఆయిల్ తీస్తున్నాడు. కంప్రెసర్ నూనె ద్రవ అమ్మోనియా కంటే బరువు కాబట్టి అడుగున చేరుతుంది. అప్పుడప్పుడు దాన్ని తీసేయాలి. నూనె అయిపోగానే వెనకే అమ్మోనియా తన్నుకొస్తుంది, ఆ క్షణంలో వాల్వ్ మూయాలి. ఈ వాల్వ్ సగంలో పట్టేసింది. ద్రవం నేల మీద పారింది. ఆపరేటర్ ప్రాణాలు దక్కించుకుని బయటికి పరిగెత్తాడు. అతను చేసింది సరైన పనే.

కంప్రెసర్ రూమ్ సెన్సార్ క్షణాల్లో పట్టుకుంది. అంకె చకచకా పెరిగి 100 పీపీఎం (పది లక్షల పాళ్ళ గాలిలో వంద పాళ్ళు) దగ్గర నిలిచిపోయింది. ఆ సెన్సార్ గరిష్ఠంగా కొలవగలిగేది అంతే. అసలు గాఢత ఎంతో దానికి తెలియదు. షిఫ్ట్ ఇన్‌చార్జ్ తర్వాత మాతో అన్నమాట ఇది: "వంద దగ్గర ఆగిపోయింది కదా సార్, ఇంక పెరగట్లేదనుకున్నాను." ఎనిమిది గంటల పనికి ఫ్యాక్టరీల చట్టం అప్పట్లో అనుమతించిన అమ్మోనియా పరిమితి 25 పీపీఎం. 300 పీపీఎం ప్రాణానికే ప్రమాదంగా లెక్కించే స్థాయి. వంద అని చూపిస్తున్న గదిలో వందే ఉందో, వేలల్లో ఉందో తెరను చూసి చెప్పలేం.

రెండోది కారిడార్ సెన్సార్. అమ్మోనియా గాలి కంటే తేలిక, పైకి పోతుంది అని పుస్తకంలో ఉంటుంది కాబట్టి దాన్ని పైకప్పు దగ్గర బిగించారు. ఆవిరి మెల్లగా లీక్ అయితే అది సరిపోతుంది. కానీ మైనస్ 33 డిగ్రీల దగ్గర మరిగే ద్రవం ఒక్కసారిగా బయటపడితే, సన్నటి చల్లటి తుంపరలతో, గాలిలోని తేమతో కలిసి గాలి కంటే బరువైన తెల్లటి మేఘంగా మారుతుంది. అది నేలను అంటుకుని పారుతుంది. ఆ రాత్రి కారిడార్‌లో మోకాలి ఎత్తున పొగ పోతుంటే పైకప్పు దగ్గరి సెన్సార్ చాలాసేపు సున్నా చూపించింది. అక్కడి గాలి గురించి అది నిజమే చెప్పింది.

పీలింగ్ హాల్ సూపర్‌వైజర్ ఫోన్ చేసింది. "కళ్ళు మండిపోతున్నాయి బాబూ, మావాళ్ళను బయటికి తీసుకుపోమంటారా?" ఇన్‌చార్జ్ తెర చూశాడు. కారిడార్ సున్నా, ఆకుపచ్చ. "మీ వైపు ఏమీ కనబడట్లేదక్కా, రెండు నిమిషాలు ఆగండి" అన్నాడు. ఆ రెండు నిమిషాల్లో మేనేజర్‌కు ఫోన్ చేశాడు. ప్లాంట్ ఖాళీ చేయించే అధికారం మేనేజర్‌దే. ఆయన నిద్రలో ఉన్నాడు.

మూడోది గాలి దిక్కు. ఎట్టకేలకు అందర్నీ బయటికి పంపేటప్పుడు మెయిన్ గేటు దగ్గరి అసెంబ్లీ పాయింట్‌కు (ప్రమాదంలో అందరూ చేరాల్సిన చోటు) వెళ్ళమన్నారు. తెర మూలనున్న వాతావరణ సమాచారం ప్రకారం అటు వైపు సురక్షితం. కానీ అది నగరంలో ఇంకెక్కడో కొలిచిన గాలి. విశాఖలో పగలు సముద్రం నుంచి, రాత్రి నేల మీది నుంచి గాలి వీస్తుంది. దానికి కొండలు తోడు. కైలాసగిరి వైపు ఒక వరస, యారాడ వైపు ఒక వరస. చలికాలం రాత్రుళ్ళు గాలి దాదాపు ఆగిపోయి, కొండవాలు నుంచి చల్లగాలి నెమ్మదిగా పల్లానికి జారుతుంది. ప్లాంట్ గేటు పల్లంలో ఉంది. మనుషులు, మేఘం ఒకే దారిలో వెళ్ళారు.

ఈలోగా ఒక హెల్పర్ మంచి ఉద్దేశంతోనే పైపు తీసుకుని లీక్ మీద నీళ్ళు కొట్టాడు. గాలిలోని అమ్మోనియాకు నీటి తెర మంచి మందు, అది నీళ్ళలో ఇట్టే కరిగిపోతుంది. కానీ నేల మీద మడుగు కట్టిన ద్రవం మీద నీళ్ళు పోస్తే, నీళ్ళ వేడికి అది ఇంకా వేగంగా మరుగుతుంది. సెన్సార్ల రికార్డులో (లాగ్) సరిగ్గా ఆ సమయానికి ఆ గది బయటి సెన్సార్ల అంకెలన్నీ రెండోసారి ఎగిశాయి. షిఫ్ట్ రూమ్‌లో వాళ్ళు దాన్ని రెండో లీక్ అనుకుని ఇంకో లైన్ వెతకడం మొదలుపెట్టారు.

ఊపిరాడక ఇబ్బందిపడిన పలువురిని ఆసుపత్రికి తరలించారు. ప్రాణనష్టం జరగలేదు.

మొదట చేసినవి, అవి ఎందుకు నిలబడలేదు

మేము వెళ్ళేసరికి యాజమాన్యం సెన్సార్ల సంఖ్య పెంచేసి, అలారం మోగే స్థాయిని బాగా తగ్గించేసింది. భయపడినవాళ్ళు ఎవరైనా చేసే పని అదే. ఫలితం, అలారాల వరద. రొయ్యల తలలు, పొట్టు పోగేసే చోట కుళ్ళు మొదలైతే అమ్మోనియా సహజంగానే పుడుతుంది. మురుగునీటి ట్యాంకుల దగ్గర హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. చాలా ఎలక్ట్రోకెమికల్ (రసాయన చర్యలో పుట్టే కరెంటుతో కొలిచే) అమ్మోనియా సెన్సార్లు దానికి కూడా స్పందిస్తాయి. పీలింగ్ హాల్‌ను క్లోరిన్ నీళ్ళతో కడిగినప్పుడు ఇంకో చిక్కు: క్లోరిన్ తగిలితే కొన్ని సెన్సార్లు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తాయి. కొన్ని వారాలకే షిఫ్ట్ రూమ్‌లో బజర్ మీద టేపు అంటించారు. ఎస్సెమ్మెస్‌లు మ్యూట్ అయ్యాయి. నేను వాళ్ళను తప్పుపట్టను. పది కూతల్లో ఒక్కటి కూడా నిజం కానప్పుడు మనిషి చెవి దానంతటదే మూసుకుంటుంది.

తర్వాత ఆటోమేటిక్ ట్రిప్ పెట్టారు. ఏ ఒక్క సెన్సార్ హద్దు దాటినా ప్లాంట్ మొత్తం ఆగిపోవాలి. దీన్ని మేము మొదట్లోనే ప్రశ్నించాం, ఎందుకంటే ఎక్కడ లీకైంది అన్నదాన్ని బట్టి చేయాల్సిన పని మారిపోతుంది. లీక్ ఫ్రీజర్ దగ్గరైతే ద్రవం వచ్చే లైన్ మూసేసి కంప్రెసర్లను కాసేపు నడవనివ్వడమే మేలు. ఆ భాగంలో మిగిలిన అమ్మోనియాను అవి వెనక్కి లాగేస్తాయి. అదే లీక్ కంప్రెసర్ రూమ్‌లో అయితే కరెంటు తీసేసి, ఆ గదికి విడిగా వైరింగ్ ఉన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్లు మాత్రమే తిప్పాలి. మూసిన గదిలో అమ్మోనియా 15 నుంచి 28 శాతం మధ్యకు చేరితే నిప్పు రవ్వ చాలు. రెండింటికీ ఒకే బటన్ పెడితే ఒక చోట తప్పక నష్టమే. పైగా తప్పుడు ట్రిప్పులకు సరుకు పాడవుతుందన్న టెన్షన్‌తో ఎవరో ట్రిప్ పనిచేయకుండా దాని సర్క్యూట్‌కు జంపర్ వైరు పెట్టేశారు. అది తనిఖీలో బయటపడింది.

మూడో ప్రయత్నం మాది. అమెరికాలో ఈపీఏ (పర్యావరణ సంస్థ), నోవా (సముద్ర, వాతావరణ సంస్థ) కలిసి ఉచితంగా ఇచ్చే అలోహా అనే సాఫ్ట్‌వేర్ ఉంది. విష వాయువు ఎంత దూరం పోతుందో లెక్కవేస్తుంది. దాన్ని లైవ్ గాలి డేటాకు కలిపి, మేఘం ఆకారాన్ని తెరమీద గీయించాం. చూడటానికి బాగుంది. కానీ అది అడిగే మొదటి ప్రశ్న రంధ్రం ఎంత, ఎంత బయటికి వస్తోంది అని. రాత్రి రెండింటికి దానికి జవాబు ఎవరి దగ్గరా ఉండదు. అంతకంటే పెద్ద ఇబ్బంది: గాలి మరీ నెమ్మదిగా ఉన్నప్పుడు ఆ లెక్క నమ్మదగినది కాదు, కొండలూ గోడలూ గాలిని మళ్ళించడం దానికి తెలియదు. తయారుచేసినవాళ్ళే ఈ పరిమితుల్ని స్పష్టంగా రాశారు. మనకు భయంకరమైన రాత్రులు సరిగ్గా అలాంటివే. అందుకని దాన్ని షిఫ్ట్ రూమ్ తెర నుంచి తీసేసి, ముందస్తు ప్రణాళికకు మాత్రం ఉంచుకున్నాం. తప్పుగా గీసిన మేఘం మనిషిని ధైర్యంగా తప్పు దారిలో నడిపిస్తుంది.

దారి దొరికిన చోటు

సిట్యుయేషన్ అవేర్‌నెస్ (చుట్టూ ఏం జరుగుతోందో ఎరుకలో ఉండటం) గురించి పరిశోధకురాలు మైకా ఎండ్‌స్లీ 1995లో రాసిన నమూనా ఈ రంగంలో అందరికీ తెలుసు. గమనించడం, అర్థం చేసుకోవడం, కాసేపట్లో ఏమవుతుందో అంచనా వేయడం అని మూడు మెట్లు. ఈ ప్లాంట్‌లో ఖర్చంతా మొదటి మెట్టు మీదే అయింది. అందుకే తెర గురించి ఆలోచించడం ఆపి షిఫ్ట్ ఇన్‌చార్జ్‌లను కూర్చోబెట్టి అడిగాం: ఆ రాత్రి మీకు అసలు ఏం తెలిసుంటే బాగుండేది? ఎక్కువమంది చెప్పినవి మూడే. ఎక్కడ కారుతోంది? ఎటు పోతోంది? హాల్లో వాళ్ళను కదిలించాలా, లోపలే ఉంచాలా? ఈ మూడింటికి పనికిరాని అంకెను తెర మీద ఉంచకూడదని నిర్ణయించుకున్నాం.

రెండో ప్రశ్నకు జవాబు కోసం మేము చేసిన పని కొందరికి వింతగా అనిపించింది. పెళ్ళిళ్ళలో వధూవరుల ఎంట్రీకి డ్రై ఐస్ పొగ వదులుతారు కదా, ఆ సామాన్లు అద్దెకు తెచ్చాం. దోమల పొగ మెషిన్ వేడి పొగ వదులుతుంది, అది పైకి లేస్తుంది కాబట్టి పనికిరాదు. డ్రై ఐస్ పొగ చల్లగా, బరువుగా నేలమీదే పాకుతుంది. చలికాలం రాత్రి, గాలి ఆగిన వేళ, గదిని గాలాడేలా పెట్టుకుని కంప్రెసర్ రూమ్ గుమ్మంలో దాన్ని వదిలాం. పొగ గడప దాటింది, డ్రెయిన్ మూత మీదుగా పోయింది, గోడ మూల దగ్గర రెండుగా చీలింది. ఒక పాయ హాస్టల్ మెట్ల కిందికి చేరి అక్కడే నిలిచిపోయింది. రెండోది తిన్నగా అసెంబ్లీ పాయింట్ బోర్డు వైపు. షిఫ్ట్ ఇన్‌చార్జ్‌లు టార్చిలైట్లు పట్టుకుని దాని వెంటే నడిచారు. ఎంత నిదానంగా పోతుందో, ఎక్కడ ఆగుతుందో వాళ్ళ కళ్ళతో వాళ్ళే చూశారు. ఏ మ్యాపూ చేయలేని పని ఆ రాత్రి ఆ పొగ చేసింది.

సెన్సార్ల కొత్త చోట్లు ఆ పొగ దారిని బట్టే నిర్ణయించాం. కారిడార్‌లో పైన ఒకటి, మోకాలి ఎత్తున ఒకటి. హాస్టల్ మెట్ల దగ్గర ఒకటి. కంప్రెసర్ రూమ్‌లో తక్కువ స్థాయి సెన్సార్‌కు తోడు వేల పీపీఎంల వరకూ కొలిచేది ఇంకొకటి. పొట్టు పోగుల దగ్గరివి తీసేశాం. మొత్తం సెన్సార్ల సంఖ్య తగ్గింది. ఈ మాట యాజమాన్యానికి ఒప్పించడానికి చాలా ఓపిక పట్టింది.

తెరమీద రెండు చిన్న మార్పులు అన్నిటికంటే ఎక్కువ పనిచేశాయని నా అభిప్రాయం. సెన్సార్ హద్దు దాటితే ఇక 100 అనే అంకె కనబడదు, "కొలత దాటిపోయింది" అని ఎర్రగా వస్తుంది. సిగ్నల్ రాకపోతే సున్నా చూపించదు, ఆ గడి నల్లగా మారుతుంది. రెండోది, ఒంటరి అంకెకు బదులు గత ఐదు నిమిషాల గీత. ఎలక్ట్రోకెమికల్ సెన్సార్ పూర్తి విలువ చూపించడానికి అర నిమిషం నుంచి నిమిషం పైన పడుతుంది. అంటే అప్పటి అంకె ఎప్పుడూ పాత కబురే. గీత నిటారుగా లేస్తోందా, వాలుతోందా అన్నది ముందు మాట చెబుతుంది.

గాలికి మా సొంత కొలతలు పెట్టుకున్నాం, ఒకటి పైకప్పు మీద, ఒకటి మనిషి ఎత్తున. గిన్నెలు తిరిగే రకం మీటరు నెమ్మది గాలికి కదలదు, అందుకని ధ్వని తరంగాలతో కొలిచే అల్ట్రాసోనిక్ రకం తీసుకున్నాం. దాంతోపాటు గాలి దిక్కు చూపే, రాత్రి లైటు వెలిగే మామూలు గాలి సంచి కూడా కట్టాం. కరెంటు పోయినా, నెట్ పోయినా అది పనిచేస్తుంది. హుద్‌హుద్ తుఫాను చూసిన ఊళ్ళో ఈ మాట వివరించాల్సిన పనిలేదు. 2014 అక్టోబర్ 12 తర్వాత కరెంటు, ఫోన్లు లేకుండా విశాఖ ఎలా గడిపిందో అందరికీ తెలుసు.

ఆటోమేటిక్ ట్రిప్‌ను మళ్ళీ పెట్టాం, కానీ ప్రతి చోటుకీ వేరేగా, మూడు సెన్సార్లలో రెండు ఒప్పుకుంటేనే. ఒక్కటే కూస్తే మనిషి చూసొస్తాడు, అది కూడా ఒంటరిగా కాదు, మాస్కు లేకుండా కాదు.

అన్నిటికంటే ఎక్కువ వాదన జరిగింది నిర్ణయాల పట్టిక దగ్గర. ఒక్క పేజీ. ఎడమవైపు తెర మీద కనిపించేది, కుడివైపు చేయాల్సింది. పైన పెద్ద అక్షరాలతో: "ఎవరికీ ఫోన్ చేయనక్కర్లేదు." షిఫ్ట్ ఇన్‌చార్జ్‌కే పూర్తి అధికారం. తప్పుడు అలారానికి ఖాళీ చేయించినా అతని మీద చర్య ఉండదని యాజమాన్యం రాతపూర్వకంగా ఇచ్చింది. ఆ కాగితం లేకపోతే సెన్సార్ల మీద పెట్టిన డబ్బంతా వృథా అని నేను గట్టిగానే చెప్పాను.

హాల్లో వాళ్ళను కదిలించాలా వద్దా అన్నదానికి ఒకే జవాబు లేదు. మేఘం బయట ఉండి హాల్ లోపల గాలి బాగుంటే, బ్లోయర్ (బయటి గాలిని లోపలికి తోసే ఫ్యాన్) ఆపి తలుపులు మూసి లోపలే ఉండటం మంచిది. బయటికి నడవడమంటే మేఘంలోకి నడవడమే. హాల్ లోపలి గీత లేవడం మొదలైతే మాత్రం గాలికి అడ్డదిశలో ఉన్న గేటు నుంచి బయటికి. ముందు, వెనక రెండు గేట్లు, రెండు అసెంబ్లీ పాయింట్లు పెట్టాం. మైకులో మాట తెలుగులో, ఒడియాలో రికార్డు చేసి ఉంచాం. ఒడియా మాటలు అక్కడి కార్మికురాలే చదివింది, తనవాళ్ళు ఆ గొంతును గుర్తుపడతారని.

మళ్ళీ పరీక్ష

తర్వాతి ఏడాది తెల్లవారుజామున ఫ్రీజర్ దగ్గర ఒక వాల్వ్ గ్లాండ్ (వాల్వ్ కడ్డీ చుట్టూ ఉండే సీల్) లీకైంది. కింది సెన్సార్ ముందు పట్టుకుంది, పైది తర్వాత. రెండు గీతలూ నిటారుగా లేవగానే లిక్విడ్ లైన్ దానంతటదే మూసుకుంది, కంప్రెసర్లు నడుస్తూనే ఉన్నాయి. షిఫ్ట్ ఇన్‌చార్జ్ పట్టిక చూసి హాల్ బ్లోయర్ ఆపించి, వాళ్ళను లోపలే ఉండమన్నాడు. కాసేపటికి హాల్ అంచున ఉన్న సెన్సార్ గీత కొద్దిగా లేచింది. అప్పటికి తెల్లారుతోంది, గాలి దిక్కు మారుతోంది. గాలి సంచి చూసి వెనక గేటు తెరిపించాడు. అందరూ నడిచే వెళ్ళారు, పరుగు లేదు. మేనేజర్‌కు ఫోన్ చేసింది ఆ తర్వాతే. వాల్వ్ దగ్గరున్న ఒక మెకానిక్‌కు కళ్ళు మండితే చాలాసేపు నీళ్ళతో కడిగి ఆసుపత్రికి పంపారు.

ఈసారి లాగ్ చూస్తూ మేము ఆగిన చోటు ఇంకొకటి. మొదటి రెండు నిమిషాల్లో ఇన్‌చార్జ్ తెర వైపు చూసింది చాలా తక్కువ. పీలింగ్ హాల్ సూపర్‌వైజర్‌తో లైన్‌లోనే ఉన్నాడు. "వాసన ఎటునుంచి వస్తోందక్కా? పెరుగుతోందా?" అని అడుగుతూ గీతతో పోల్చుకున్నాడు. మనిషి ముక్కు చాలా తక్కువ పీపీఎం దగ్గరే అమ్మోనియాను పసిగడుతుంది, కాసేపటికి అలవాటుపడి మొద్దుబారుతుంది కూడా. సెన్సార్ ఆలస్యంగా చెబుతుంది, కానీ మొద్దుబారదు. రెండింటినీ పక్కపక్కన పెట్టుకోవడం అతను డ్రిల్‌లలో నేర్చుకున్నాడు. ఇప్పుడు పట్టికలో "హాల్ సూపర్‌వైజర్ ఏమంటోంది" అని ఒక గడి చేర్చాం. మొదటి ప్రమాదంలో ఆమె చెప్పిన కళ్ళమంటకు తెరమీది సున్నాతో సమానమైన చోటు దొరికి ఉంటే, ఆ రాత్రి వేరేగా నడిచేది.

ఇంకా సరిపడనివి రెండున్నాయి. గోడ అవతలి ఊరికి రెండోసారి కూడా వాసన ద్వారానే తెలిసింది. సైరన్ వినబడింది, కానీ ఏం చేయాలో వాళ్ళకెవరూ చెప్పలేదు. తలుపులు కిటికీలు మూసుకుని తడిబట్ట అడ్డం పెట్టుకోవాలా, ఎటైనా వెళ్ళాలా అన్నది ఊళ్ళో కూర్చుని, అక్కడి ఆడవాళ్ళతో, పెద్దలతో మాట్లాడి తేల్చాలి. ఆ పని మొదలైంది. రెండోది ఉప్పుగాలి. సముద్రం పక్కన సెన్సార్ల కనెక్టర్లు తుప్పు పడతాయి, ఎలక్ట్రోకెమికల్ సెల్ కొంతకాలానికి అయిపోతుంది, బయటికి మాత్రం అన్నీ బాగానే ఉన్నట్టు కనబడుతుంది. నిజమైన గ్యాస్ చుక్క తగిలించి చూసే బంప్ టెస్ట్ ఒక్కటే దానికి పరీక్ష. పని ఒత్తిడిలో అది వాయిదా పడుతోందని గమనించి, టెస్ట్ తేదీ దాటిన సెన్సార్ గడి కూడా తెరమీద నల్లగా మారేలా చేశాం. ఇప్పుడు నల్ల గడి కనబడితే షిఫ్ట్ ఇన్‌చార్జ్ డ్యూటీ తీసుకునే ముందే ఇన్‌స్ట్రుమెంట్ వాళ్ళను పిలుస్తున్నాడు.